కత్తి ఆగవలసిన చోటు

రాయలసీమ నుంచి ఒక సోదరి నాలుగు పుటల లేఖ పంపారు. ఆమె తండ్రిగారికి అరవై దాటాయి. రెండు నెలల క్రితం కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురద పుట్టి, మూత్రం ముదురు రంగుకు తిరిగింది. పసిరికలనుకుని కొన్నాళ్ళు ఆకుపసరు తాగించారు. తగ్గలేదు. స్కాన్ తీయిస్తే పిత్తనాళంలో, అది కాలేయం నుంచి వెలువడే చోటనే, గడ్డ ఉన్నదని తేలింది. అది కేన్సర్ అని వైద్యులు నిర్ధారించారు. ఇద్దరు సర్జన్లను సంప్రదించారు. మొదటి సర్జన్ కాలేయంలో ఒక భాగాన్నీ, పిత్తనాళాన్నీ, దానిని ఆనుకుని ఉన్న శోషరస గ్రంథులన్నింటినీ తొలగిస్తానన్నారు. వ్యాధి బృహద్ధమని దగ్గరి గ్రంథుల వరకు పాకి ఉంటే మాత్రం ఆపరేషన్ కొనసాగించనన్నారు. రెండవ సర్జన్ ఆ దూరపు గ్రంథులను కూడా తవ్వి తీస్తానన్నారు. ఇంట్లో అభిప్రాయాలు రెండుగా చీలాయి. అబ్బాజాన్ ప్రాణం విషయంలో పిసినారితనం దేనికి, తీయగలిగినదంతా తీయించకపోతే రేపు అల్లాహ్ ముందు ఏమని జవాబు చెప్పుకుంటామన్నది పెద్దన్నగారి వాదన. ‘తక్కువ తీయించడానికి ఒప్పుకుంటే మేము పాపులమవుతామా?’ అన్నది సోదరి ప్రశ్న.

మేము వైద్యులము కాము. ఏ సర్జన్ చేతికి తండ్రిగారిని అప్పగించాలో చెప్పే అర్హత మాకు లేదు. అయితే ప్రశ్న షరీఅత్‌ను గురించి కనుక తప్పించుకోలేము. వ్యవహారం అర్థం కాకుండా తీర్పు చెప్పరాదన్నది మా గురువులు నేర్పిన మొదటి పాఠం. అందుచేత తెలిసిన వైద్యులను అడిగి, చదవగలిగినది చదివి, ముందుగా ఆ గ్రంథుల సంగతి చెబుతాము.

కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జలో బిళ్ళ కట్టడం మనందరికీ అనుభవమే. ఆ బిళ్ళే శోషరస గ్రంథి. వైద్యులు ‘లింఫ్ నోడ్’ అంటారు. దేహమంతటా రక్తనాళాల పక్కనే రంగులేని ఒక ద్రవం సన్నని కాలువలలో పారుతూ ఉంటుంది. దారి పొడవునా ఈ గ్రంథులు దానిని వడగట్టి, రోగక్రిములను పట్టి ఉంచుతాయి. సృష్టికర్త ఏర్పాటు చేసిన ఈ కాపలా చౌకీలలోనే కేన్సర్ కణాలూ మొదట చిక్కుకుంటాయి. కాలేయంలో తయారైన పైత్యరసం కుడి ఎడమ నాళాల గుండా వచ్చి, కాలేయపు గుమ్మం వద్ద ఒకే నాళమై, క్లోమం తల గుండా పేగులోకి దిగుతుంది. ఆ గుమ్మం దగ్గర పుట్టే కేన్సర్‌ను 1965లో వివరంగా వర్ణించిన అమెరికన్ వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ పేరుతో ఈనాటికీ ‘క్లాట్‌స్కిన్ ట్యూమర్’ అని పిలుస్తారు. అక్కడి నుంచి కదిలిన కణాలు సాధారణంగా మొదట పిత్తనాళం వెంట ఉన్న గ్రంథులకు, ఆపై కాలేయ ధమని వెంట, క్లోమం తల వెనుక ఉన్న వాటికి, చివరకు వెన్నెముక ముందు దిగే బృహద్ధమని చుట్టూ ఉన్న వాటికి చేరుతాయి. మొదటి సర్జన్ ఆగుతానన్నదీ, రెండవ సర్జన్ దాటుతానన్నదీ ఈ చివరి మెట్టునే.

గ్రంథులను తీయడంలో రెండు ఉద్దేశాలున్నాయి. ఇళ్ళల్లో వీటిని ఒకటిగా కలిపేస్తున్నందువల్లనే తగవులు వస్తున్నాయని మాకనిపిస్తుంది. వ్యాధిని ఊడ్చివేయడం ఒక ఉద్దేశం. వ్యాధి ఎంత దూరం వెళ్ళిందో తెలుసుకోవడం రెండవది. బియ్యం నాణ్యత చూడడానికి బస్తాలో చేయి పెట్టి గుప్పెడు తీసి చూస్తాము. పైన ఉన్న రెండు గింజలు చూసి బాగున్నాయనేవాడు మోసపోతాడు. అలాగని బస్తా అంతా నేల మీద కుమ్మరించనక్కరలేదు. ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి, వాటిలో వ్యాధి లేదని కాగితం మీద రాసుకుంటే అది నమ్మదగిన సాక్ష్యం కాదు. వ్యాధి దశలను నిర్ణయించడానికి ప్రపంచమంతటా వాడే అమెరికన్ జాయింట్ కమిటీ వర్గీకరణ, తన ఎనిమిదవ కూర్పులో, కాలేయం లోపలి పిత్తనాళ కేన్సర్‌కు కనీసం 6 గ్రంథులనైనా పరీక్షించాలని సూచించింది. గుమ్మం దగ్గరి కేన్సర్ విషయంలో 1 నుంచి 3 గ్రంథులలో వ్యాధి ఉంటే ఒక మెట్టు, 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకొక మెట్టు అని లెక్క పెట్టింది. బృహద్ధమని వద్ద ఉన్న గ్రంథులలో కనిపిస్తే దానిని దగ్గరి వ్యాధిగా కాక, దూరం పాకిన వ్యాధిగానే పరిగణిస్తుంది.

దగ్గరి గ్రంథులను శ్రద్ధగా, పూర్తిగా తీయవలసిందే. అందులో బద్ధకించే సర్జన్‌ను సమర్థించలేము. వివాదమంతా ఆ తరువాతి అడుగు గురించే.

ఆ అడుగు వేసి చూసినవారు ఉన్నారు. జపాన్ సర్జన్లు ఈ పనిలో ఎంతో పట్టుదల చూపారు. నగోయా విశ్వవిద్యాలయం వారు గుమ్మం దగ్గరి కేన్సర్ ఉన్న 110 మందికి దగ్గరి గ్రంథులతో పాటు బృహద్ధమని వద్ద ఉన్న వాటిని కూడా తీసి, ఫలితాలను 2001లో ప్రకటించారు. 52 మందికి గ్రంథులలో వ్యాధి లేదు. వారిలో అయిదేళ్ళు బతికినవారు 30.5 శాతం. 39 మందికి దగ్గరి గ్రంథులలో మాత్రమే ఉంది. వారిలో 14.7 శాతం అయిదేళ్ళు బతికారు. బృహద్ధమని వరకు పాకినవారు 19 మంది. వారిలో 12.3 శాతం. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ 19 మందిలో, పొట్ట తెరిచినపుడు గ్రంథులు కంటికి మామూలుగానే కనబడి, సూక్ష్మదర్శిని కింద మాత్రమే వ్యాధి బయటపడినవారు 7 మంది. వారిలో 28.6 శాతం అయిదేళ్ళు బతికారు. కంటికే స్పష్టంగా వ్యాధి కనబడిన మిగతా 12 మంది గతి మాత్రం దయనీయంగానే ముగిసింది. రెండవ సర్జన్ మాట అబద్ధమని మేము అనకపోవడానికి ఆ ఏడుగురే కారణం. అయితే ఏడుగురంటే ఏడుగురే. అంత చిన్న లెక్క మీద పెద్ద మేడ కట్టలేము. ఆ కొద్దిమంది బతికినది గ్రంథులు తీసినందువల్లనా, వారి వ్యాధి స్వభావమే నెమ్మదిదైనందువల్లనా అన్నది ఈ లెక్క ఒక్కటే తేల్చలేదు.

తేల్చాలంటే ఒకే రకం రోగులను చీటీ వేసినట్లుగా రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలుగా, రెండవ గుంపుకు విస్తారంగా ఆపరేషన్ చేసి పోల్చాలి. పొరుగు అవయవాల విషయంలో అలాంటి పరీక్షలు జరిగాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సర్జన్లు క్లోమం తల, దాని చుట్టుపక్కల పుట్టే కేన్సర్ల మీద చేసిన పోలిక 2002లో వెలువడింది. పిత్తనాళపు చివరి భాగంలో పుట్టేవి కూడా ఇందులో ఉన్నాయి. విస్తారంగా తీసిన గుంపులో ఆయుష్షు పెరగలేదు. ఆపరేషన్ తరువాతి ఇబ్బందులు మాత్రం 29 శాతం నుంచి 43 శాతానికి పెరిగాయి. జీర్ణాశయ కేన్సర్‌కు జపాన్‌లోనే 523 మంది మీద జరిగిన పోలిక 2008లో వచ్చింది. బృహద్ధమని వద్ద ఉన్న గ్రంథులను తీయనివారిలో 69.2 శాతం, తీసినవారిలో 70.3 శాతం అయిదేళ్ళు బతికారు. లెక్కల శాస్త్రం ప్రకారం అది తేడాయే కాదు. విస్తారమైన శస్త్రచికిత్సకు ప్రసిద్ధి చెందిన దేశమే తన పద్ధతిని తానే తూకం వేసి, దొరికిన జవాబును దాచకుండా అచ్చు వేసింది. ఈ నిజాయితీ మాకు హదీసు విద్వాంసుల పరిశోధనను గుర్తు చేసింది. ఎంత పూజ్యుడైన గురువు చెప్పినా, ఉల్లేఖకుల పరంపర నిలబడకపోతే వారు ఆ మాటను పక్కన పెట్టేవారు.

కనుక ‘ఎక్కువ తీస్తే ఎక్కువ బతుకుతారు’ అన్నది మన మనసు చెప్పే మాట. సాక్ష్యం చెప్పే మాట కాదు. గ్రంథులకు దాటి పోయిన కణాలు అప్పటికే రక్తంలోనో, ఇతర అవయవాలలోనో చేరి ఉండవచ్చు. అలాంటపుడు చివరి చౌకీని కూల్చినా, దానిని ఎప్పుడో దాటిపోయినవాడు దొరకడు. ఆ తవ్వకానికి వెల మాత్రం చెల్లించవలసిందే. ఆపరేషన్ సమయం పెరుగుతుంది, రక్తం ఎక్కువ పోవచ్చు, శోషరసం పొట్టలో ఊరుతూ ఉండవచ్చు. ధమనుల చుట్టూ ఉన్న నరాలను కూడా ఒలిచివేస్తే విడవని విరేచనాలు పట్టుకోవచ్చు. కాలేయంలో పెద్ద భాగాన్నే కోల్పోయి, పసిరికలతో చిక్కిపోయి ఉన్న మనిషికి ఇవి చిన్న సంగతులు కావు.

ఇక షరీఅత్ మాట. ఔరంగజేబు కాలంలో మన దేశంలోనే కూర్చిన ‘ఫతావా ఆలమ్‌గీరీ’లో ఈ సందర్భానికి సరిగ్గా పనికివచ్చే విభజన ఒకటి ఉంది. కష్టాన్ని తొలగించే సాధనాలను ఫుఖహా మూడు తరగతులు చేశారు. ఫలితం నిశ్చయమైనవి మొదటివి. దాహానికి నీరు, ఆకలికి రొట్టె వంటివి. ప్రాణం పోతున్నా వీటిని వదిలేయడం పాపం. ఫలితం ఉంటుందని బలంగా భావించదగినవి రెండవవి. సాధారణ వైద్యమంతా ఈ తరగతిదే. వీటిని వాడడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, వదిలినంత మాత్రాన పాపమూ కాదు. ఫలితం కేవలం ఊహ మాత్రమైనవి మూడవవి. ‘మౌహూమ్’ అని వాటి పేరు. వీటి వెంట పడకపోవడమే తవక్కుల్‌కు దగ్గర అన్నారు. ఈ విభజనను సోదరి ప్రశ్నకు అన్వయిస్తే మాకు తోచినది ఇది. గడ్డను, కాలేయ భాగాన్ని, దగ్గరి గ్రంథులను తీయించడం రెండవ తరగతిలోనిది. నిపుణుడు సాధ్యమన్నపుడు, రోగి సమ్మతించినపుడు చేయించడమే మేలు. బృహద్ధమని వద్ద వ్యాధి కంటికే కనబడుతున్నపుడు అక్కడి గ్రంథులను కూడా తవ్వించడం మూడవ తరగతికి దగ్గర. పైగా దానితో నష్టం కూడా ముడిపడి ఉంది. నష్టాన్ని తప్పించడం లాభాన్ని ఆశించడం కంటే ముందన్నది ఫిఖహ్‌లో చిన్న తరగతుల విద్యార్థికి కూడా తెలిసిన సూత్రమే. అవసరం కోసం అనుమతించబడినది అవసరమైనంత వరకే అన్నది మరొకటి. మనిషి దేహాన్ని కోయడం మూలంలో నిషిద్ధం. చికిత్స అవసరమే దానికి అనుమతి ఇచ్చింది. ఆ అవసరం తీరిన చోట అనుమతి కూడా ఆగిపోతుంది.

అందుచేత పెద్దన్నగారికి మా విన్నపం ఇది. మొదటి సర్జన్ మాటను అంగీకరిస్తే మీ మీద ఏ పాపమూ లేదు. తండ్రి మీద ప్రేమ ఎంత లోతుకు కోయించామన్న దానితో కొలవబడదు. ఆయుష్షు గడియారం ఏ సర్జన్ గోడ మీదా లేదు.

రెండవ సర్జన్‌ను కూడా నిందించకండి. ఆయనను వినయంగా అడగండి. మా తండ్రిగారి స్కాన్‌లో ఆ దూరపు గ్రంథులు ఉబ్బి కనబడుతున్నాయా, లేదా? ఉబ్బి ఉంటే వాటిని తీయడం వల్ల ఏమి ఆశించవచ్చు? ఇలాంటి ఆపరేషన్లు మీ చేతి మీద ఎన్ని జరిగాయి, వారిలో ఎందరు క్షేమంగా ఇంటికి వెళ్ళారు? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగించుకోడు. మొదటి సర్జన్‌ను అడగవలసినది వేరు. దగ్గరి గ్రంథులను ఎంత మేరకు తీస్తారు, కాలేయ ధమని వెంట ఉన్నవి, క్లోమం వెనుక ఉన్నవి అందులో వస్తాయా అని. ఎక్కడ ఆగాలో తెలిసినవాడు అక్కడి వరకు పూర్తిగా నడవాలి కదా.

సోదరి లేఖలో ఒక వాక్యం మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. ‘అబ్బాకు ఇంకా చెప్పలేదు, పిత్తాశయంలో రాయి అని చెప్పాము.’ ఇద్దరు సర్జన్లు, నలుగురు సంతానం, ఇద్దరు అల్లుళ్ళు, అందరూ ఆయన దేహం గురించి వాదించుకుంటున్నారు. ఆయన ఒక్కరికే తెలియదు! ఈ ఆచారం మన ఇళ్ళల్లో ప్రేమ పేరుతోనే పాతుకుపోయింది. కానీ దేహం అల్లాహ్ ఆయనకు అప్పగించిన అమానత్. దాని మీద కత్తి పెట్టడానికి సమ్మతి ఇవ్వవలసినవాడు, మతి స్థిమితంగా ఉన్నంతవరకు, ఆయనే. ఆయనకు చెల్లించవలసిన బాకీలు ఉండవచ్చు. ఎవరిదో సొమ్ము ఆయన దగ్గర భద్రంగా ఉండవచ్చు. తప్పిపోయిన ఉపవాసాలు గుర్తుకు రావచ్చు. వసీయత్ రాయాలనుకోవచ్చు. ఎవరినో పిలిపించి క్షమాపణ అడగాలనుకోవచ్చు. రాయి అనుకుని ఆపరేషన్ బల్ల ఎక్కిన మనిషికి ఈ అవకాశాలేవీ ఉండవు. అన్నీ ఒకేసారి గుమ్మరించమని మేము అనడం లేదు. ఆయన ఎంత అడిగితే అంత, మృదువుగా, అబద్ధం లేకుండా చెప్పండి. అన్నీ విన్నాక ఆయనే ‘నాకు పెద్ద ఆపరేషన్ వద్దు’ అంటే, ఆ మాటను గౌరవించండి. ‘ఉన్నదంతా తీయించండి’ అంటే, సర్జన్‌తో ఆయననే మాట్లాడనివ్వండి.

మరొక సంగతికి ముందే మనసును సిద్ధం చేసుకోవాలి. చాలామంది సర్జన్లు పొట్ట తెరిచాక, అనుమానంగా ఉన్న దూరపు గ్రంథిని ఒకదానిని తీసి, అప్పటికప్పుడు గడ్డకట్టించి పరీక్షిస్తారు. అందులో వ్యాధి ఉన్నదని తేలితే గడ్డను ముట్టకుండానే కుట్లు వేసి ముగించవచ్చు. బయట దుఆలు చేస్తూ కూర్చున్నవారికి ఇది పిడుగుపాటే. ‘తెరిచి మూసేశారు’ అని బంధువులు తీర్పు చెప్పేస్తారు. ఆ మాటలో నింద ఉంది. వాస్తవానికి అది సర్జన్ ఓటమి కాదు. వెయ్యేళ్ళ క్రితం కుర్తుబా సమీపంలోని అజ్‌జహ్రా నగరంలో జీవించిన అబుల్ ఖాసిమ్ అజ్‌జహ్రావీ తన ‘తస్రీఫ్’ గ్రంథపు చివరి భాగాన్ని పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించాడు. ఎన్నో పనిముట్లను బొమ్మలు గీసి చూపాడు. అంతటివాడు, పాతబడి బాగా పెరిగిన సర్తాన్ జోలికి పోవద్దని, అలాంటి దానిని తాను నయం చేసినదీ లేదు, మరొకరు చేయగా చూసినదీ లేదని తన శిష్యులకు దాపరికం లేకుండా చెప్పాడు. చేయి ఎత్తడం తెలిసినవాడే చేయి ఆపడం గురించి చెప్పగలడు.

ఆపరేషన్ ఆగినంత మాత్రాన చికిత్స ఆగదు. మూసుకుపోయిన నాళంలో స్టెంటు పెట్టి పైత్యరసానికి దారి చేస్తే పసిరికలు తగ్గుతాయి, దురద తగ్గుతుంది, నిద్ర పడుతుంది. కీమోథెరపీ విషయంలో బ్రిటన్‌లో 410 మంది మీద జరిగిన పరీక్ష 2010లో వెలువడింది. జెమ్‌సిటాబిన్ ఒక్కటే ఇచ్చినవారిలో సగం మంది 8.1 నెలలు దాటితే, దానికి సిస్‌ప్లాటిన్ జోడించినవారిలో సగం మంది 11.7 నెలలు దాటారు. అది కొద్దికాలమే. కానీ ఒక రమజాను, ఒక మనుమరాలి నికాహ్ ఆ కొద్దికాలంలో ఇమిడిపోగలవు. గడ్డ పూర్తిగా తీయగలిగినవారికైతే ఆ తరువాత ఆరు నెలలపాటు కాపెసిటాబిన్ మాత్రలు ఇవ్వడం వాడుకలోకి వచ్చింది.

సోదరి చివరలో, సిగ్గుపడుతూ, ఇంకొకటి అడిగారు. తీసిన కాలేయపు ముక్కను, గ్రంథులను ఖననం చేయాలా అని. సిగ్గుపడవలసిన ప్రశ్న కాదిది. దేహం నుంచి వేరైన భాగాన్ని గౌరవంగా నేలలో పూడ్చడం మంచిదని ఫుఖహా చెప్పారు. అయితే ఈ గ్రంథులు ముందు పాథాలజిస్టు దగ్గరకు వెళ్ళాలి. ఆయన ఒక్కొక్కదానిని కోసి, మైనంలో పొదిగి, పలచని పొరలుగా తీసి చూస్తాడు. ఆ మైనపు ముక్కలను ఆసుపత్రి భద్రపరుస్తుంది. ముందుముందు మరో పరీక్షకో, మరో వైద్యుని అభిప్రాయానికో అవే ఆధారం. వాటిని అక్కడ ఉంచడంలో ఏ అగౌరవమూ లేదు. పరీక్ష ముగిసి మిగిలిన భాగాన్ని ఆసుపత్రి నియమాలు అనుమతిస్తే తెచ్చుకుని ఖననం చేయవచ్చు. ఇవ్వకపోతే మీ మీద ఏ భారమూ లేదు. దీనికి జనాజా నమాజు ఉండదు. పాథాలజీ రిపోర్టు నకలు మాత్రం తప్పక తీసుకోండి. ఎన్ని గ్రంథులు తీశారు, వాటిలో ఎన్నింటిలో వ్యాధి ఉంది అన్న రెండు అంకెలు అందులో ఉంటాయి. ఆ తరువాత ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా ఆయన మొదట వెతికేది ఆ రెండు అంకెలనే.